నిచ్చెన గారి ఎక్స్‌రే

ఒరేయ్ మూర్తీ,

జవాబు ఆలస్యమైంది, తర్వాత తీరిగ్గా తిట్టుకో. అందరం బాగున్నాం, అమ్మ మోకాళ్లు మామూలే, ఉద్యోగం సంగతి ఇంకోసారి. ముందు ఇది చదువు.

మన నిచ్చెన, అదే మా అబ్బాయి (వాడి పొడుగు చూసి నువ్వు పెట్టిన పేరే స్థిరపడిపోయింది) సైకిల్ మీంచి తూలి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కంగారు పడకు, కట్టు వేశారు. కానీ ఆగిన సైకిల్ మీంచి పడితే ఎముక విరగడమేంట్రా? నా గోలంతా అదే.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూపించింది. మణికట్టు దగ్గర ఎముకకి అడ్డంగా సన్నటి నల్ల గీత. "ఇక్కడేనా విరిగింది?" అన్నాడు వీడు. కాదట! ఎముక పొడవు పెరిగే చోటు అది. అక్కడ ముందు చెవి డిప్పలో ఉండేలాంటి మెత్తటి మృదులాస్థి పుట్టి, కాల్షియం చేరాక గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నంత కాలం ఎక్స్‌రేలో నల్లగానే కనిపిస్తుంది. అసలు దెబ్బ దానికి కాస్త పైన, ఎముక అంచు చిన్న బుడిపెలా ఉబ్బింది, అంతే.

ఈ వయసులో పొడవు ముందు పరిగెడుతుందట, కాల్షియం నిండటం కొన్ని నెలలు వెనకబడుతుంది. అందుకే సర్రున సాగేటప్పుడే పిల్లల ముంజేతులు ఎక్కువ విరుగుతాయి. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో దాదాపు పావు వంతు, బాగా సాగే ఆ రెండేళ్లలోనే చేరుతుందంటే చూడు! అప్పుడే వీళ్లు పాలు వాసనంటూ మానేస్తారు. నాకు కడుపు రగిలిపోతోందిరా.

రక్తపరీక్షలో కాల్షియం సరిగ్గానే ఉంది. హమ్మయ్య అనబోతే డాక్టరమ్మ ఆపేసింది. తిండిలో తక్కువైతే ఒళ్లు ఎముకలోంచి తీసి రక్తంలో పోస్తుందట, గుండె ఆగకూడదు కదా. రిపోర్టు బాగుంటుంది, ఎముక మాత్రం లోపల్లోపల... ఆ మాట విన్నాక నిద్ర పట్టలేదు.

9 నుంచి 18 ఏళ్ల దాకా రోజుకి 1300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని అమెరికా లెక్క. గ్లాసుడు పాలల్లో 300 దాకా వస్తుంది, పెరుగైనా సరే. పాలకూరని నమ్ముకోకు, అందులో కాల్షియం ఉన్నా, ఆ ఆకులోనే ఉండే ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది, ఒంటికి అందేది నూటికి అయిదు పాళ్లే. విటమిన్ డి లేకపోతే తిన్నదీ సరిగ్గా ఒంటబట్టదు.

మీ చిన్నదానికి పదకొండు నిండాయి కదా, సాగే వయసు. చదువని కూర్చోబెట్టకురా, గెంతనీ, పరిగెత్తనీ, ఎముక మీద బరువు పడితేనే గట్టిపడుతుంది. దాని గ్లాసు నువ్వే దగ్గరుండి... అదిగో మీ చెల్లెలు కేకేస్తోంది, కట్టు చూపించడానికి వెళ్లాలి. ఉంటా.

నీ
శీను