నాన్నగారికి, ఆ ఫిజిక్స్ క్లాసు గురించి

నాన్నగారికి,

నేనిక్కడ క్షేమం. మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"రాజకీయాలు, అంతర్జాతీయ సంబంధాలు చదువుతానని వెళ్లి ఫిజిక్స్ క్లాసులో కూర్చోవడమేంటమ్మా?" అని ఫోన్లో అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ కాబట్టి మేజర్ ఏదైనా సరే, మాకు ఒక సైన్సు సబ్జెక్టు తప్పనిసరి. మొదట్లో నాకూ అది దండగే అనిపించింది.

పోయిన నెల సెమినార్‌లో 2015 నాటి ఇరాన్ అణు ఒప్పందం (అమెరికా సహా కొన్ని దేశాలు ఇరాన్‌తో చేసుకున్నది) చదివాం. పన్నెండుమందిమి బల్ల చుట్టూ కూర్చుని వాక్యం వాక్యం చర్చిస్తాం. అందులో ఒక అంకె దగ్గర ఆగిపోయాను. ఇరాన్ పదిహేనేళ్లపాటు యురేనియాన్ని 3.67 శాతానికి మించి శుద్ధి చేయకూడదట. బాంబుకి దాదాపు 90 శాతం కావాలి కదా, మరి గీత అంత కింద ఎందుకు గీశారు?

జవాబు ఫిజిక్స్ క్లాసులో దొరికింది. గనిలో దొరికే యురేనియంలో బాంబుకైనా, రియాక్టర్‌కైనా పనికొచ్చే రకం (యురేనియం-235) 0.7 శాతమే. శుద్ధి అంటే ఆ శాతాన్ని పెంచడం. అంటే 140 పరమాణువుల్లో ఒకటి. దాన్ని 4 శాతానికి తేవాలంటే మిగతా రకం పరమాణువులు 115 తీసేయాలి. అక్కడినుంచి 20 శాతానికి ఇంకో 20 తీస్తే చాలు. ఆ తర్వాత 90 దాకా తీయాల్సినవి దాదాపు నాలుగే! అసలు కష్టమంతా మొదటి మెట్టులోనే ఉంది నాన్నా, అందుకే గీత అంత కింద గీశారు. ఈ లెక్క నోట్సులో వేసుకున్న రోజు రాత్రి ఒప్పందం మళ్లీ మొదటినుంచి చదివాను.

ఆ ఒప్పందం చర్చల్లో అప్పటి అమెరికా, ఇరాన్ విదేశాంగ మంత్రులు జాన్ కెర్రీ, జవాద్ జరీఫ్‌లతో పాటు అమెరికా ఇంధన మంత్రి ఎర్నెస్ట్ మోనిజ్, ఇరాన్ అణుశక్తి సంస్థ అధిపతి అలీ అక్బర్ సలేహీ కూడా కూర్చున్నారు. మోనిజ్, సలేహీ ఇద్దరూ సైన్సు చదివినవాళ్లే. ఎందుకు పిలిచారో ఇప్పుడర్థమైంది.

లెక్క సరిగ్గానే ఉన్నా ఒప్పందం నిలవలేదు. అది అమెరికా సెనేట్ ఆమోదించిన ట్రీటీ కాదు, అందుకే 2018లో కొత్త అధ్యక్షుడు ట్రంప్ అమెరికాను బయటికి తెచ్చేయగలిగాడు. 2021లో ఇరాన్ 60 శాతం దాకా వెళ్లింది. ఇది మాత్రం ఫిజిక్స్ చెప్పేది కాదు, దానికోసం నా మేజర్ కావాలి. టర్మ్ పేపర్ దీనిమీదే రాస్తున్నాను.

వచ్చే సెమిస్టర్‌కి స్టాటిస్టిక్స్ తీసుకుంటున్నాను. ఈసారి ఎవరూ తీసుకోమనలేదు. అమ్మకి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించండి.

మీ అమ్మాయి