లాంగ్‌స్వోర్డ్ విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

లాంగ్‌స్వోర్డ్ అంటే రెండు చేతులతో తిప్పే పాతకాలపు యూరప్ పొడుగు కత్తి. దాని సాధనకు జర్మనీలో మన తెలుగు సంఘం ఈ విభాగాన్ని ఎందుకు పెట్టుకుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. స్కూలు సెలవుల్లో హాలు మూసినప్పుడు తప్ప ప్రాక్టీసు ఆగలేదు. ఎండాకాలం దాకా మధ్యయుగపు జర్మన్ కత్తిసాము గురువు లీష్టెనావర్ పద్ధతిలోని ఐదు ప్రధాన దెబ్బలు సాధన చేశాం. ఆ తర్వాత, మరో కత్తిసాము గురువు యోఆఖిమ్ మేయర్ 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చు వేయించిన పుస్తకం అందుకున్నాం. అందులో లాంగ్‌స్వోర్డ్‌తో పొడవడం దాదాపు ఉండదు, కొత్తవాళ్లకు నయమే. కాకపోతే దెబ్బలన్నీ వచ్చి వేళ్ల మీద పడతాయి.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది అక్టోబరులో జరిపిన ఓపెన్ స్పారింగ్, అంటే ఏ క్లబ్బువాళ్లయినా వచ్చి ఆడే సాధన పోరు. చుట్టుపక్కల జర్మన్ క్లబ్బులను మన హాలుకు పిలవడం ఇదే మొదటిసారి. తలుపు దగ్గరే టేబుల్ వేశాం, సామగ్రి చూడకుండా ఎవరినీ లోపలికి వదల్లేదు. గొంతుకు గోర్జెట్, తల వెనక కవర్, మోచేతులకీ మోకాళ్లకీ గట్టి ప్యాడ్లు ఉన్నాయో లేదో చూశాం. ఫెడర్ (సాధనకు వాడే మొద్దు అంచు స్టీలు కత్తి) అంచు మీద పాత సాక్సు లాగి చూశాం, దారం పట్టుకుంటే ఆకురాయి పెట్టాం. మాస్కు జాలీ మొత్తం బొటనవేలితో నొక్కాం.

మన కుర్రాడొకడి మాస్కులో ఎడమ చెవి పక్కన జాలీ మెత్తగా లోపలికి పోయింది. "ఏం కాదన్నా, బానే ఉంది" అన్నాడు. కుదరదన్నాం. మొహం మాడ్చుకుని క్లబ్బు మాస్కుతో ఆడాడు. చాదస్తం అనుకున్నవాళ్లకు ఒక మాట. 1982లో రోమ్‌లో జరిగిన ఫెన్సింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ప్రత్యర్థి కత్తి విరిగి, ఆ ముక్క సోవియట్ ఆటగాడు వ్లదీమిర్ స్మిర్నోవ్ మాస్కులోంచి దూసుకుపోయింది. ఆయన బతకలేదు. మాస్కులకూ కత్తులకూ కఠినమైన నిబంధనలు ఆ తర్వాతే వచ్చాయి. అదీ సన్నటి ఫాయిల్ కత్తి. మనం తిప్పేది కిలో పైన బరువుండేది.

జాకెట్ల మీద రాసే 350, 800 న్యూటన్ల సంగతీ చెప్పాలి. మొన గుచ్చుకోకుండా గుడ్డ ఎంత ఆపుతుందో ఆ అంకె చెబుతుంది, దెబ్బ తాకిడి గురించి కాదు. 800 జాకెట్ ఉంది కదా అని లోపల ప్యాడింగ్ వదిలేసినవాళ్లు సాయంత్రానికి పక్కటెముకలు తడుముకుంటూ ఇంటికెళ్లారు.

రోజు మొత్తానికి వాచింది ఒక బొటనవేలే. అదీ ఐదువేళ్ల గ్లవ్స్ వేసుకున్న చేతిదే. స్టీలు కత్తితో ఆడేటప్పుడు, వేళ్లన్నీ ఒకే చిప్ప కింద ఉండే గ్లవ్స్ వేసుకోమని ఎన్నిసార్లు చెప్పాం!

భోజన విరామంలో బాబాయిగారు కర్రసాము చేసి చూపిస్తే అతిథులంతా ఫోన్లు బయటికి తీశారు. ఆయనకూ, పులిహోర కలిపి తెచ్చిన అక్కయ్యలకూ, రోజంతా రిఫరీగా నిలబడ్డ జర్మన్ మిత్రులకూ, గ్లవ్స్ కుట్టి రిపేరు చేసిన వదినగారికీ, ప్రథమ చికిత్స డ్యూటీ చేసిన డాక్టరమ్మకూ, వ్యాను ఇచ్చిన అన్నయ్యకూ విభాగం తరఫున ధన్యవాదాలు. పేరు పేరునా చెప్పలేకపోయినందుకు మిగతావారు ఏమీ అనుకోవద్దు.

వాట్సాప్‌లో "నేను రెడీ" అని బొటనవేలు చూపించినవాళ్లలో సామాన్లు మోయడానికి వచ్చింది ఎందరో వాళ్లకే తెలుసు. చాపలు మడిచింది, హాలు ఊడ్చింది ఎప్పటిలాగే ఆ నలుగురే. ఇక హాలు ఇచ్చే ఆఫీసుకు అదనపు గంట కోసం మార్చిలో దరఖాస్తు పెట్టాం. రెండుసార్లు గుర్తు చేశాం. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు మాత్రం వచ్చింది.

జమాఖర్చుల పట్టిక వెనక జతచేశాం. లెక్కల పరిశీలకులు చూసి సంతకం పెట్టారు. ఖర్చులో ఎక్కువ భాగం క్లబ్బు మాస్కులకూ హాలు అద్దెకూ పోయింది. సందేహాలుంటే కోశాధికారిని అడగండి.

క్లబ్బు సామాను ఇంటికి తీసుకెళ్లినవాళ్లు వచ్చే ప్రాక్టీసుకు తెచ్చి అప్పజెప్పాలి. జాకెట్లు ఉతికి తేవాలి, ఈ మాట ప్రత్యేకంగా రాయమని అందరూ అడిగారు. సామాను గది బాధ్యుడి పదవి ఖాళీగా ఉంది. ఎన్నికలప్పుడు ఎవరూ చెయ్యి ఎత్తకపోతే తాళాలు నా దగ్గరే ఉంటాయి, నేను ఊళ్లో లేని రోజు ప్రాక్టీసూ ఉండదు.

ఇట్లు,
కార్యదర్శి