కాల్‌లో ఉన్నంతసేపూ కాల్‌లోనే ఉండు

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం

ఒరే మావా,

నీ మెసేజ్ చదివాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదనిపించి తీరిగ్గా ఉత్తరమే రాస్తున్నాను. "వీడియో కాల్‌లో నువ్వు ఉన్నట్టే లేదు" అని మీ టీమ్ లీడ్ అన్నాడంటే నాకు చాలా బాధేసింది. పనిలో నీకు వంక పెట్టేవాడు లేడు. కానీ గుణుపూర్‌లో ఇంట్లో కూర్చుని బెంగళూరు వాళ్లకు పని చేస్తుంటే, వాళ్లకు కనబడేది అరచేతంత గడిలో నీ మొహం, వినబడేది నీ గొంతు, అంతే. నువ్వు అర్ధరాత్రి దాకా కూర్చుని సరిచేసిన ఫైలు వాళ్ల కంటికి ఆనదు. అది అన్యాయమే అయినా, ఆ రెండిటినీ బాగుచేసుకోవడం మన చేతిలోనే ఉంది.

అందరూ మొహం గురించి హైరానా పడతారు గానీ ముందు చూసుకోవాల్సింది గొంతు. మొహం మసగ్గా ఉన్నా మీటింగ్ నడుస్తుంది, మాట తెగిపోతే నడవదు. ఆ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పాటలకు ఉంచుకో. మైక్ ఆన్ కాగానే చాలావాటిలో శబ్దం నాణ్యత పడిపోతుంది. వైరుదే మేలు. అయితే ఆ వైరు మీది బుల్లి మైకు చొక్కా గుండీకి రాసుకుంటూ ఉంటుంది చూడు, నీకు తెలీదు గానీ అవతలివాళ్ల చెవిలో గరగరమని మోగుతుంది. వైరుకు చిన్న క్లిప్పు పెట్టి, మైకు బట్టకు తగలకుండా చూసుకో. ఫ్యాన్ గాలి సూటిగా మైకు మీద పడినా అదే గోల. మే నెలలో ఫ్యాన్ ఆపెయ్యమని మన వైపు ఎవరికీ చెప్పలేం కాబట్టి కుర్చీని కాస్త మూలకు జరుపుకో. నౌపడ రైలు మీ ఇంటి వెనక కూత వేసే వేళ నీకు తెలిసిందే, ఆ కాసేపు మ్యూట్ నొక్కెయ్.

ఇంగ్లీషులో మన యాస దొర్లుతుందని నోరు విప్పడం లేదన్నావు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో హిందీ, ఇంగ్లీషు మాట్లాడి నెగ్గుకొచ్చేవాడికి యాస దగ్గర సిగ్గెందుకు? గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పుకుంటూ, జనం మాట్లాడే తెలుగుకు రాతలో చోటుండాలని పోరాడారు. ఆయన తిరిగిన వీధుల్లో పెరిగి మన మాటతీరును దాచుకోవడమేంట్రా? యాసను అలాగే ఉండనీ, వేగం తగ్గించు. మనం గబగబా మాట్లాడి వాక్యం చివర మింగేస్తాం. తేదీలు, అంకెలు, పేర్లు వచ్చినచోట ఆగి చెప్పు. "గురువారానికి ఇస్తాను" అన్నప్పుడు ఆ గురువారం అందరికీ వినబడాలి.

మాటకు మాట అడ్డుపడుతోందని కూడా రాశావు. అందులో నీ తప్పేం లేదు. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఎదుటివాడు ఆపాక మనం అందుకోవడానికి పట్టే సమయం మామూలుగా సెకనులో అయిదో వంతు దగ్గర్లో ఉంటుందని తేలింది. నెట్ అంతకంటే ఆలస్యం చేస్తే ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు. ఎదుటివాళ్లు ఆపాక ఒక ఊపిరి ఆగు. అప్పటికీ ఢీకొంటే "మీరు చెప్పండి" అని వెంటనే వదిలెయ్, ఆ తర్వాత నీ మాట మర్చిపోకుండా చెప్పు. వదిలేసి ఊరుకోవడమే నీకు అలవాటు.

మొహం సంగతి పెద్దగా ఏం లేదు. కిటికీ వీపు వెనక కాకుండా ఎదురుగా ఉండాలి. లాప్‌టాప్ కింద రెండు పీటలు వేస్తే కెమెరా కంటి ఎత్తుకు వస్తుంది. సన్న గళ్ల చొక్కాలు తెరమీద మినుకుమినుకుమంటాయి, ఒకటే రంగుది తొడుక్కో. నకిలీ పుస్తకాల బీరువా బ్యాక్‌గ్రౌండ్ తీసెయ్, సున్నం వేసిన గోడే బాగుంటుంది. నువ్వు మాట్లాడేటప్పుడు కెమెరా వంక చూడు, వినేటప్పుడు తెర చూసినా ఫరవాలేదు.

ఇక ధ్యాస. సాయంత్రానికి బుర్ర పనిచెయ్యడం లేదన్నావే, దానికి కారణాలున్నాయి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బెయిలెన్సన్ వీడియో కాల్స్‌తో వచ్చే అలసట గురించి 2021లో రాసిన వ్యాసంలో నాలుగు చెప్పారు: అందరి కళ్లూ మరీ దగ్గర్నుంచి మనవైపే ఉన్నట్టనిపించడం, మన మొహం మనకే అస్తమానం కనబడడం, కుర్చీలోంచి కదల్లేకపోవడం, సైగలు పంపడానికీ అర్థం చేసుకోవడానికీ బుర్ర అదనంగా కష్టపడడం. రెండోది రేపే వదిలించుకోవచ్చు. జూమ్‌లో నీ వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'హైడ్ సెల్ఫ్ వ్యూ' నొక్కు. నువ్వు వాళ్లకు కనబడుతూనే ఉంటావు, నీకు మాత్రం కనబడవు. జుట్టు సర్దుకోవడం మానేసి మాట వినడం మొదలవుతుంది.

ఫోన్ వంటింట్లో పెట్టు. పక్కన తిరగేసి పెట్టడం కాదు, లేచి వెళ్తే గానీ అందనంత దూరంలో. లాప్‌టాప్‌లో వాట్సాప్ కూడా మూసెయ్. బదులుగా ఓ నోటుబుక్కూ పెన్నూ పెట్టుకుని, ఎవరు ఏం అడిగారో, నువ్వు చెయ్యాల్సింది ఏమిటో చేత్తో రాయి. చెయ్యి కదులుతుంటే మనసు చెరువుగట్టు మీదకు పోదు. మీ లీడ్ హఠాత్తుగా పేరు పెట్టి పిలిచినా జవాబు కాగితం మీదే ఉంటుంది. ఒకవేళ ఏదైనా ముక్క జారిపోతే "చివరి మాట వినబళ్లేదు, మళ్లీ చెప్పండి" అని నిస్సంకోచంగా అడుగు. అడిగినవాడు వింటున్నాడనే అర్థం.

కాల్ వెంట కాల్ పెట్టించుకోకు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2021లో పద్నాలుగు మందికి తలమీద మెదడు తరంగాలు కొలిచే ఈఈజీ టోపీలు పెట్టి చూస్తే, వరస మీటింగుల్లో మెదడు మీద ఒత్తిడి పోగవుతూ వచ్చింది, మధ్యలో చిన్న విరామాలు ఇచ్చినప్పుడు అలా పోగవలేదు. అరగంట మీటింగుని ఇరవై అయిదు నిమిషాలకే ముగిద్దామని నువ్వే అడిగి చూడు. మిగిలిన అయిదు నిమిషాలూ పెరట్లోకి వెళ్లి నిలబడు, ఫోన్ తీయకు.

ఇంట్లోవాళ్ల మాటకొస్తే, మన ఇళ్లల్లో తలుపు వేసుకుంటే "ఒంట్లో బాగోలేదా" అని అడుగుతారు. అందుకే గొళ్లేనికి ఎర్ర తువ్వాలు కట్టు, అది ఉన్నంతసేపూ కాల్ అని మీ అమ్మగారికి ముందే చెప్పు. అయినా ఆవిడ టీ గ్లాసుతో లోపలికి వచ్చేస్తే చెయ్యి ఊపి తరమకు. "ఒక్క నిమిషం" అని కాల్‌లో చెప్పి, మ్యూట్ చేసి, టీ అందుకుని, తిరిగి కూర్చో. పెద్దావిడతో నువ్వు నడుచుకునే తీరు కూడా వాళ్లు చూస్తూనే ఉంటారు.

బుధవారం నీ ప్రెజెంటేషన్ అన్నావుగా. మంగళవారం రాత్రి భోజనాలయ్యాక నాకు వీడియో కాల్ చెయ్యి, అదే కుర్చీ, అదే మైకు, అదే చొక్కా. మొత్తం చెప్పు, నేను అవతల కూర్చుని వింటాను. గొంతు ఎక్కడ తెగుతోందో, ఎక్కడ పరిగెడుతున్నావో రాసి పెడతాను. అత్తయ్యకు నమస్కారాలు చెప్పు.

నీ నేస్తం