రాయనిది చేయనట్టే

ప్రియ నేస్తమా,

ఎలా ఉన్నావే? మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట నన్ను వదలడం లేదు. "మీ అమ్మ అన్నేళ్లు ఒక్కత్తే ఎలా నెట్టుకొచ్చిందే?" అన్నావు. నేనేమో "ఏదో, అలా గడిచిపోయిందిలే" అని తేల్చేశాను. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. మీ అక్క ఇద్దరు పిల్లలతో ఒంటరిదైపోయిన ఈ సమయంలో నువ్వు ఊసుపోక అడగలేదు కదా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. పొడుగైందని విసుక్కోకు. కుదిరితే అక్కకీ చదివి వినిపించు.

నాన్న పోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి నాలుగు, అమ్మకి ముప్పై మూడు. గుండెపోటు. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. వచ్చినవాళ్లంతా తమ్ముడితో "నాన్న ఊరెళ్లారు" అని చెబుతుంటే అమ్మ ఆపేసింది. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నాన్న చనిపోయారు కన్నా. ఆయన గుండె ఆగిపోయింది. ఇంక రారు" అంది. పసివాడితో అంత మాటా అని అందరూ నొచ్చుకున్నారు. ఆ వయసు పిల్లలకి చావంటే తిరిగి రాకపోవడమని తెలియదే. ఊరెళ్లారని చెబితే రోజూ గుమ్మంలో కూర్చుంటారు, నిద్రపోయారని చెబితే వాళ్లు పడుకోడానికి భయపడతారు. అమ్మ నర్సు కదా, ఇది తనకి వార్డు నేర్పిన సంగతి. తమ్ముడు ఆ తర్వాత కూడా నెలల తరబడి "నాన్న ఎప్పుడొస్తారు?" అని అడుగుతూనే ఉన్నాడు. అడిగిన ప్రతిసారీ అదే గొంతుతో అదే జవాబు. ఒక్కసారి కూడా మాట మార్చలేదు. అక్కకి మిగతావేమీ చెప్పకపోయినా ఇది మాత్రం చెప్పు.

సెలవు అయిపోగానే డ్యూటీలో చేరింది. కొన్నాళ్లు నైట్లు తప్పించమని అడిగితే, "అందరికీ ఇళ్లూ పిల్లలూ ఉన్నారమ్మా" అన్నారట పైవాళ్లు. ఆ మాటన్న మనిషి మీద నాకింకా కోపం పోలేదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. పక్కింటి పెద్దావిడ వచ్చి మాకు తోడు పడుకునేది.

అసలు నీకు చెప్పాలనుకున్నది మా ఇంటి పుస్తకం గురించి. ఆసుపత్రిలో డ్యూటీ మారేటప్పుడు, దిగే సిస్టర్ ఎక్కే సిస్టర్‌కి ప్రతి బెడ్ దగ్గరా నిలబడి అప్పజెప్పాలి. ఈయనకి ఏం జబ్బు, ఏ మందు ఎన్నింటికి ఇచ్చాం, ఏది మిగిలింది, దేన్ని కనిపెట్టుకుని ఉండాలి, అన్నీ. అమ్మ ఆ పద్ధతిని ఇంటికి తెచ్చేసింది. ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం కొని, నైట్‌కి వెళ్లేముందు అందులో నాకు అప్పగింత రాసేది. ఆ పుస్తకాలు పోయిన నెల అటక మీద దొరికాయి. ఒక పేజీ చూసి రాస్తున్నాను, విను:

"తమ్ముడికి సాయంత్రం 6కి జ్వరం 100.2. సిరప్ ఇచ్చాను. 12 లోపు మళ్లీ ఇవ్వనివ్వకు. నీళ్లు తాగించు. ఊపిరి లెక్కపెట్టు. నిమిషానికి 40 దాటినా, పిలిస్తే పలక్కపోయినా వెంటనే వార్డుకి ఫోన్ చేయించు. రేపు నీకు లెక్కల పరీక్ష. పెన్సిల్ చెక్కి పెట్టాను."

ఊపిరి ఎలా లెక్కపెట్టాలో కూడా నేర్పింది. లెక్కపెడుతున్నామని ఎదుటివాళ్లకి తెలియకూడదట. తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, కళ్లు మాత్రం ఛాతీ మీద ఉంచాలి. నిమిషం నిండే దాకా. తన గుండె మీద తలకిందులుగా వేలాడే ఆ చిన్న వాచీ ఉండేది చూడు, అలాంటిదే ఇంకోటి నాకూ కొనిచ్చింది.

పొద్దున నేను తిరిగి అప్పజెప్పాలి. "రాత్రి రెండుసార్లు దగ్గాడు. నీళ్లు తాగాడు. పది నిమిషాలు ఏడ్చాడు." కింద సంతకం, టైము. నోటితో చెబితే ఒప్పుకునేది కాదు. "రాయనిది చేయనట్టే" అనేది. నర్సింగులో చేరిన మొదటిరోజు నుంచీ వాళ్ల చెవిలో నూరిపోసే మాటట అది. నేను స్కూల్లో, రాత్రుళ్లు దీపం పట్టుకుని రోగుల్ని చూసిన నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ పాఠం చదువుకొచ్చి దీపం బొమ్మ గీస్తుంటే, "దీపం సరే, ఆవిడ లెక్కలు రాసిందని చెప్పలేదా మీ టీచర్?" అని అడిగింది. 1854లో క్రిమియా యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల దగ్గరికి వెళ్లిన నైటింగేల్, ఎవరు ఏ కారణంతో పోయారో వెతికి లెక్క తేల్చి, గాయాలకంటే ఆసుపత్రి మురికి వల్ల వచ్చిన జబ్బులకే ఎక్కువమంది పోయారని 1858లో బొమ్మ గీసి మరీ చూపించింది. ఆ మాట చెబుతున్నప్పుడు అమ్మ మొహంలో గర్వం చూడాలి నువ్వు, సొంత మేనత్త గురించి చెబుతున్నట్టుండేది.

నాకు భాగహారం వచ్చింది కూడా సెలైన్ చుక్కల మీదే. "500 ఎం.ఎల్. బాటిల్ నాలుగు గంటల్లో అయిపోవాలి. 20 చుక్కలైతే ఒక ఎం.ఎల్. నిమిషానికి ఎన్ని చుక్కలు వదలాలి?" పదివేల చుక్కల్ని 240 నిమిషాలతో భాగించి, 41 దాటి మిగిలిందని నేను తలగోక్కుంటుంటే, "అర చుక్క పడదమ్మా, 42 పెట్టు" అనేది. ఇప్పటికీ కుళాయి కారుతుంటే నా నోట్లో అంకెలు తిరుగుతాయి.

ఇదంతా చదివి, ఇంట్లో అంతా గడియారంలా నడిచిందనుకోకు. పగటినిద్ర నిద్ర కాదే. ఎంత నల్ల కర్టెన్లు వేసినా వెలుతురు ఒంటికి తెలిసిపోతుంది. మేం బడికి వెళ్లాక పడుకుని, మేం వచ్చేలోపు లేచేది. మధ్యలో కాలింగ్ బెల్ మోగితే ఆ రోజుకి అంతే. తమ్ముడి స్కూల్ వార్షికోత్సవంలో వాడు స్టేజీ ఎక్కే సమయానికి కుర్చీలో నిద్రపోయింది. వాడు పై నుంచి చూశాడు. ఇంటికొచ్చాక వాడేమీ అనలేదు కానీ, అమ్మ ఆ రాత్రంతా వంటింట్లో నిలబడే ఉంది. ఇక నడుము సంగతి సరేసరి. కదల్లేని పేషెంట్లకి పుండ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్క మార్చాలి. ఎన్నేళ్లు, ఎంతమందిని ఎత్తిందో. ఇప్పుడు వంగి చెప్పులు తొడుక్కోలేదు.

పద్నాలుగేళ్లప్పుడు నాకు ఒళ్లుమండిపోయింది. పుస్తకంలో పెద్దక్షరాలతో "పేషెంట్‌కి అమ్మ కావాలి" అని రాసి, సంతకం పెట్టి, టైము కూడా వేసి బడికి పోయాను. తిడుతుందనుకున్నాను. సాయంత్రం వచ్చి చూస్తే దాని కింద, మందు రాసినట్టే, "సా. 5 నుంచి 7. ప్రతి ఆదివారం" అని ఉంది. పక్కన తన సంతకం. నైట్‌కి వెళ్లాల్సిన ఆదివారాలు కూడా ఆ రెండు గంటలూ వరండాలో నా పక్కన ఊరికే కూర్చునేది. చేతిలో పని ఉండేది కాదు. మొదటి ఆదివారం ఇద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. రెండో ఆదివారం నేను నాన్న గురించి అడిగాను.

ఒక్క సంగతి మాత్రం రిటైరయ్యాక, ఈమధ్యే చెప్పింది. నాన్న పోయాక డ్యూటీలో చేరిన మొదటి వారంలోనే వార్డులో నాన్న వయసాయన ఒకాయన పోయారట. తోటి సిస్టర్ "నువ్వు బయటికి వెళ్లు, నేను చూస్తాను" అంటే అమ్మ వెళ్లలేదట. ట్యూబులు తీసి, కళ్లు మూసి, ఒళ్లు తుడిచింది. తుడుస్తూ అలవాటు ప్రకారం ఆయనతో చెబుతూనే ఉందట: "ఇప్పుడు కుడిచెయ్యి తుడుస్తున్నానండీ. ఇటు తిప్పుతున్నానండీ." "మీ నాన్నకి నేనివేవీ చెయ్యలేకపోయాను. ఎవరో చేసేశారు. ఆయనకి ఎవరైనా చెబుతూ చేశారో లేదో" అంది. 2020లో కెనడాలో, చివరి గంటల్లో స్పృహ లేకుండా పడున్నవాళ్ల మెదడు తరంగాలు కొలిచి చూస్తే, కొందరిలో శబ్దానికి మెదడు ఇంకా స్పందిస్తోందని తేలిందట. అది చదివి వినిపించాను. "మాకు తెలుసు" అని ఊరుకుంది.

మే 12న, నైటింగేల్ పుట్టినరోజుకి, ఎవరో ఒకరు అమ్మకి పువ్వు ఇస్తారు. జూన్ 23 కూడా అమ్మ రోజే, ఐక్యరాజ్యసమితి వితంతువుల కోసం ప్రకటించిన రోజు. ఆ రోజు ఎవరికీ గుర్తుండదు. ఎంతమంది ఊపిరీ నాడీ రాసిందో, తన గురించి మాత్రం ఏ పేజీలోనూ ఒక్క వాక్యం లేదు. పుస్తకాలన్నీ తిరగేశాను. అందుకే నేను రాస్తున్నానేమో ఇదంతా.

తనకి ఇప్పటికీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. నిన్న రాత్రి తలుపు మెల్లగా తెరుచుకుంది. లైటు వెయ్యలేదు. మంచం పక్కన నిలబడి, దుప్పటి సర్దుతున్నట్టు నా మణికట్టు మీద చెయ్యి వేసింది. నాకు తెలిసిపోయింది. కళ్లు తెరవలేదు. తన లెక్క తప్పకుండా, మామూలుగా ఊపిరి తీసుకుంటూ, నిమిషం నిండే దాకా అలాగే పడుకున్నాను.

అక్కని అడిగానని చెప్పు. ఉంటానే.

నీ నేస్తం