గేటు లేని రోడ్డు, ఏడు పౌండ్ల బాకీ

కావలి
జనవరి 18, 2026

చిన్నా,

సంక్రాంతి అయిపోయింది. అక్కా బావా పిల్లలూ నిన్న తెల్లవారుజామున బెంగళూరు బయలుదేరారు, ఇల్లు బోసిపోయింది, మీ అమ్మ మిగిలిన అరిసెలు డబ్బాకెత్తి పడుకుంది, నేను కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాను, తీరిగ్గా చదువు.

నువ్వు అక్కని పాతిక వేలు అడిగిన సంగతి నాకు తెలిసింది. దాని మీద కోపం పెట్టుకోవద్దు. రెండు రోజులు కడుపులోనే దాచుకుంది, భోగి నాడు ముగ్గేస్తూ కూడా ఏదో ఆలోచనలో ఉంటే నేనే గుచ్చిగుచ్చి అడిగాను. మేము ఇంగ్లండ్ వచ్చినప్పుడు నువ్వు కారులో తిప్పిన రోజు టోల్ కట్టడం మర్చిపోయావని, జరిమానా మీద జరిమానా పడి రెండు వందల పది పౌండ్లయిందని, నాన్నకి చెప్పొద్దన్నావని మొత్తం చెప్పింది. డబ్బు సంగతి తర్వాత. నాకు చెప్పొద్దనడమే నన్ను బాధపెట్టింది రా.

ఆ రోజు నాకు కళ్ళకు కట్టినట్టుంది. అక్టోబరు మొదటి వారం, లెస్టర్‌లో చీకటితోనే లేచి మీ అమ్మ పులిహోర కలిపింది, డోవర్‌లో సముద్రం ఒడ్డున తెల్ల కొండలు చూపిస్తానని బయలుదేరదీశావు. లండన్ చుట్టూ తిరిగే ఎం25 రోడ్డెక్కి పోతా ఉంటే డార్ట్‌ఫర్డ్ దగ్గర ఆ పెద్ద వంతెన వచ్చింది, తీగలతో లాగి పట్టుకున్నట్టు ఉంటుందే, అది. కింద థేమ్స్ నది, బూడిద రంగు నీళ్ళు, ఒక ఓడ అగ్గిపెట్టెంత కనబడింది. నేను జేబు తడుముకున్నాను. ముప్ఫై ఏళ్ళు లారీ తోలినవాడిని, పెద్ద వంతెన వస్తోందంటే చెయ్యి దానంతటదే చిల్లర కోసం పోతుంది. "గేటెక్కడరా?" అనడిగితే నువ్వు నవ్వి "ఇక్కడ గేటుండదు నాన్నా, కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీసుకుంటుంది, రేపు రాత్రి పన్నెండులోపు ఆన్‌లైన్‌లో కట్టేయడమే" అన్నావు. ఎర్రటి గుండ్రంలో తెల్లగా 'సి' అక్షరం ఉన్న బోర్డు చూపించావు కూడా. నీకు తెలియక జరిగింది కాదు ఇది, అది నాకు బాగా తెలుసు.

వచ్చేటప్పుడు అదే నదిని సొరంగంలోంచి దాటాం. ఇంటికి చేరేసరికి మీ అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, మరునాడు నాకు చలిజ్వరం, నువ్వు డ్యూటీకి సెలవు పెట్టి మందుల షాపుకీ ఇంటికీ తిరుగుతూనే ఉన్నావు, రాత్రి పదకొండుకి కూడా నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశావు. ఆ రాత్రే పన్నెండు దాటింది. కారుకి మూడున్నర పౌండ్లు, పోను రాను రెండుసార్లు, ఏడు పౌండ్లు. మన డబ్బుల్లో ఎనిమిది వందల చిల్లర. నాకోసం తిరుగుతూ నువ్వు మర్చిపోయావు, పక్కనే పడుకున్న నాకైనా గుర్తు రావాల్సింది, జీవితమంతా టోల్ రసీదులు లెక్కపెట్టి ఓనరుకి అప్పజెప్పినవాడిని.

అక్క ఇక్కడున్నప్పుడు వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచి మొత్తం నాకు చదివి వినిపించింది. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా దాటే బండికే డబ్బు, రాత్రిళ్ళు ఊరికే పోవచ్చు. ముందుగానైనా కట్టొచ్చు, దాటాకనైతే మరునాడు అర్ధరాత్రి లోపు. అది దాటితే ఒక్కో దాటుడికీ వేరే వేరే నోటీసు, ఒక్కోటి డెబ్బై పౌండ్లు, పద్నాలుగు రోజుల్లో కడితే సగం, అంటే ముప్ఫై అయిదు, ఇరవై ఎనిమిది రోజులు దాటనిస్తే నూట అయిదు. నీకు రెండు నోటీసులు. పద్నాలుగు రోజుల్లో చూసి ఉంటే డెబ్బైతో పోయేది, ఇప్పుడు రెండు వందల పది. అక్క ఆపి ఆపి చదువుతుంటే నేను ఒక్కో అంకె కాగితం మీద రాసుకున్నాను.

2014 నవంబరు దాకా అక్కడ కూడా మనలాగే టోల్ బూత్‌లూ గేట్లూ ఉండేవట, క్యూలు ఆగిపోతున్నాయని తీసేశారు. మంచిదే, బళ్ళు ఆగకుండా పోతున్నాయి, నేను చూశాను కదా. కానీ గేటుంటే డ్రైవరుకి ఒక మేలుంది. తప్పేదైనా ఉంటే అక్కడికక్కడే తెలిసిపోతుంది. డిసెంబరులో మీ అమ్మకి కళ్ళు చూపించడానికి చెన్నై పోతుంటే ఒక టోల్ దగ్గర మన కారు ఫాస్టాగ్ పనిచేయలేదు, కేవైసీ ఏదో అప్‌డేట్ కాలేదని బ్లాక్‌లిస్ట్‌లో పెట్టారట. నవంబరు 15 నుంచి కొత్త రూలు వచ్చింది, ట్యాగ్ పనిచేయకపోతే నగదు ఇచ్చినవాడికి రెండు రెట్లు, యూపీఐలో కట్టినవాడికి ఒకటింబావు. నేను ఫోన్‌తో స్కాన్ చేసి కట్టాను, గేటు లేచింది. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఒంటికి చురుక్కుమంది గానీ ఇంటిదాకా వెంట రాలేదు.

2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేసిన వారం నేను తంగుటూరు టోల్‌గేటు దగ్గర లైన్లో ఉన్నాను. నా ముందు ఒడిశా లారీ. ట్యాగ్ లేదు, రెండింతలు కట్టాలన్నారు, పిల్లవాడు, నీ వయసే ఉంటుంది, తెలుగు రాదు, ఓనరుకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు, వెనకనుంచి అందరూ హారన్లు. నేనూ ఇంకో చీరాల డ్రైవరూ దిగిపోయి తలా కొంత వేసి పంపించాం. మనది కాని ఊళ్ళో రూలు మారినప్పుడు మనిషి ఎంత ఒంటరిగా నిలబడిపోతాడో నాకు తెలుసు. ఆ పిల్లవాడి పక్కన కనీసం మేమిద్దరం ఉన్నాం, అదీ గేటు దగ్గర ఆగాడు గనక. నువ్వు ఆగలేదు. అందుకే నీ పక్కన ఎవరూ లేరు. వంతెన మీద సాఫీగా దాటిపోయావు, బాకీ మాత్రం పోస్టులో నీ పాత ఇంటి తలుపు సందులోంచి లోపల పడింది.

అసలు దెబ్బ అక్కడే తగిలింది. నవంబరులో ఇల్లు మారావు గానీ బండి కాగితాల్లో అడ్రసు మార్పించలేదు. నోటీసులు బండి ఎవరి పేరున ఏ అడ్రసులో ఉంటే అక్కడికే పోతాయి. పాత రూమ్‌లో ఉన్న పిల్లలు వాటిని మెట్ల దగ్గర ఒక పెట్టెలో వేసి ఉంచారని, నువ్వు పండక్కి ముందు పోయి తెచ్చుకున్నావని అక్క చెప్పింది. నాకు మా రోజులు గుర్తొచ్చాయి. నా ఇరవై ఆరో ఏట ఓవర్‌లోడ్ కేసు రాసి చేతికిచ్చిన కాగితం భయపడి టూల్‌బాక్సులో పడేశాను, ఓనరుకి చెప్పలేదు, ఏదో ఒక రోజు నేనే కట్టేద్దామనుకున్నాను. మూడు నెలలకి ఓనరు పేరున సమన్లు వచ్చాయి. ఆయన నన్ను తిట్టలేదు, "ఆ రోజే చెప్పుంటే మూడు వందలతో పోయేది కదరా" అన్నాడు, అంతే. ఆ మాటకి మూడు రోజులు అన్నం సహించలేదు. నువ్వు ఇప్పుడు అదే స్థితిలో ఉన్నావని నాకు అర్థమైంది, అందుకే తిట్టడానికి రాయడం లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతా విను. నీ చేతిలో ఉన్నది నూట అయిదుకి పెంచిన కాగితం. దాని మీద తేదీ నుంచి పద్నాలుగు రోజులు గడువుంటుంది, అది కూడా దాటిపోతే కోర్టులో అప్పు కింద రాయించుకుంటారు, ఆ తర్వాత వసూలుకి మనుషులు ఇంటికొస్తారు, వాళ్ళ ఖర్చులు కూడా నీ నెత్తినే పడతాయి. కాబట్టి ఇంకో వారం చూద్దాం అనొద్దు. డబ్బు నేను పంపిస్తున్నాను, రొయ్యల లోడు కిరాయి పాతది ఒకటి వసూలైంది, రేపు బ్యాంకుకి పోయి నీ అకౌంటుకే వేస్తాను. అక్క దగ్గర తీసుకోవద్దు, పిల్లల స్కూలు ఫీజులున్నాయి దానికి. ఇల్లు మారాను, నోటీసులు సమయానికి అందలేదు అని ఒక ముక్క వాళ్ళకి రాసి చూడు, తగ్గిస్తే మంచిదే, కానీ వాళ్ళ జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు దాటనివ్వకు.

ఇవాళే బండి కాగితాల్లో అడ్రసు మార్పించు. అది మార్చకపోవడమే అక్కడ ఒక నేరమట, వెయ్యి పౌండ్ల దాకా వేయొచ్చట. నీ లైసెన్సులోది కూడా చూసుకో, బండి కాగితం వేరు లైసెన్సు వేరు, ఒకటి మారిస్తే రెండోది దానంతటది మారదు.

ఇంకొకటి, కట్టేటప్పుడు గూగుల్‌లో వెతికి మొదట కనబడిన దాంట్లో కట్టేయొద్దు. ప్రభుత్వ సైటులాగే కనబడేవి పెట్టి ఎక్కువ గుంజేవాళ్ళు ఉన్నారు. "మీ టోల్ బాకీ ఉంది, ఈ లింకు నొక్కండి" అని మెసేజ్ వస్తే అసలు నొక్కకు. ఇక్కడ మన పక్కింటాయనకి ఫాస్టాగ్ కేవైసీ పేరుతో ఫోనొచ్చి ఎనిమిది వేలు పోయాయి, ఓటీపీ చెప్పేశాడు పాపం. నోటీసు మీద ఉన్న నంబరు చూసి, ప్రభుత్వ సైటు పేరు నువ్వే టైపు చేసి కట్టు.

డార్ట్‌ఫర్డ్‌కి అకౌంటు తెరిచిపెట్టుకో. కారు నంబరు అందులో వేస్తే దాటినప్పుడల్లా అదే కోసుకుంటుంది, మూడున్నర బదులు రెండు పౌండ్ల ఎనభై పెన్నీలే. మన ఫాస్టాగ్‌లాగే అన్నమాట, అద్దానికి అంటించే స్టిక్కరు ఒక్కటి తక్కువ. ఆ రోజు నీ దగ్గర అది ఉండుంటే నా జ్వరం వచ్చినా, మీ అమ్మ కాళ్ళు పట్టేసినా బాకీ పడేది కాదు. బావ కూడా అంతే, బెంగళూరు నుంచి తరచూ వస్తాడు కదా, నిరుడు ఆగస్టులో మూడు వేలు పెట్టి ఏడాది పాస్ తీసుకున్నాడు, రెండు వందల ట్రిప్పులు, ఇంక ప్రతి గేటు దగ్గరా బ్యాలెన్సు ఎంతుందోనన్న టెన్షన్ లేదు.

వచ్చే నెల లివర్‌పూల్‌లో ఇంటర్వ్యూ ఉందన్నావు. కారులో పోతే రంకార్న్ దగ్గర మెర్సీ నది మీద వంతెన ఉంటుంది, 2017లో తెరిచారు, దానికీ గేటు లేదు, దానికీ మరునాడు అర్ధరాత్రే గడువు. కానీ దాని అకౌంటు వేరు, డార్ట్‌ఫర్డ్‌ది అక్కడ పనికిరాదు. లండన్ నడిబొడ్డులోకి పోతే ఇంకో లెక్క, ఈ జనవరి నుంచి రోజుకి పద్దెనిమిది పౌండ్లు చేశారట, అక్కడే థేమ్స్ కింద ఉన్న బ్లాక్‌వాల్ సొరంగానికి కూడా నిరుడు ఏప్రిల్ నుంచి డబ్బు పెట్టారు. ఎక్కడికి బయలుదేరినా ముందు రాత్రి రూటు చూసుకుని, గేటు లేని టోల్ ఎక్కడుందో ఒక కాగితం మీద రాసుకుని స్టీరింగ్ పక్కన అంటించుకో. దాటిన రోజే కట్టేసి దాని మీద టిక్కు పెట్టుకో. మేము లోడెత్తే ముందు దారిలో ఎక్కడెక్కడ ఎంత ఖర్చో అలాగే రాసుకునేవాళ్ళం, తడ చెక్‌పోస్టు దాటేదాకా ఆ కాగితం సన్‌వైజర్‌కి గుచ్చి ఉండేది.

ఆ రోజు వంతెన మీద మన పక్కనే పోతున్న లారీలు గుర్తున్నాయా, పోలండ్‌వి, లిథువేనియావి అని నువ్వే ప్లేట్లు చూసి చెప్పావు. డోవర్‌లో ఓడ ఎక్కడానికి పోతున్న బళ్ళు, పెద్ద లారీకి ఎనిమిది పౌండ్ల నలభై. వాళ్ళు ఏ భాషలో ఆ బోర్డు చదువుకుంటారో, రాత్రి ఎక్కడ ఆగి ఎలా కడతారో అని నేను అప్పుడే అనుకున్నాను. మన బండి గురించి మాత్రం అనుకోలేదు, నువ్వున్నావు కదా అని నిశ్చింతగా కూర్చున్నాను.

మమ్మల్ని తిప్పినందుకు ఇలా అయిందని మనసులో పెట్టుకోవద్దు. మీ అమ్మకి ఆ తెల్ల కొండలు ఇప్పటికీ కలలోకి వస్తాయి, వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ ఫొటోలు చూపిస్తోంది. దానికి జరిమానా సంగతి నేను చెప్పలేదు. నువ్వే చెప్పు, కట్టేశాక చెప్పు. కోప్పడదు, నాకు తెలుసు.

మన వీధి చివర ఇంటి వాళ్ళమ్మాయి ఫిబ్రవరి మొదట్లో బర్మింగ్‌హామ్ వస్తోంది, చదువుకి. ఉసిరికాయ పచ్చడి, కందిపొడి, రెండు పొట్లాలు మలైకాజా ఇచ్చి పంపుతున్నాం. లెస్టర్ దగ్గరేనట, పోయి తెచ్చుకో. డబ్బు మంగళవారానికి పడుతుంది. పడిన రోజే కట్టు, రెండు రసీదులూ ఫొటో తీసి పంపు, అక్కకి కాదు, నాకు.

మీ నాన్న