పొల్లాచ్చిలో మాకు నిజం చెప్పిన అక్కకి కృతజ్ఞతలు

నిన్న రాత్రే ఇల్లు చేరాం. బ్యాగులు ఇంకా విప్పలేదు. పిల్లాడికి జ్వరం తగ్గి నిద్రపోతున్నాడు. నాకు ఒళ్ళంతా నొప్పులు, కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా ఇప్పుడు రాయకపోతే రేపటికి పనుల్లో పడిపోతాను, ఇక రాయలేను. మా ఆయన కొబ్బరిచెట్లు ఎక్కే పనికి తమిళనాడులో పొల్లాచ్చికి పోతున్నారా, కాపురం అక్కడికే మారుస్తున్నారా అని ఇన్నాళ్ళుగా అడుగుతున్న వాళ్ళందరికీ జవాబు ఇదే. పోవడం లేదు. ఆ నిర్ణయానికి కారణమైన మనిషికి దండం పెట్టుకుందామనే ఈ పోస్టు.

మాది ఉలవపాడు మండలంలో సముద్రం వైపు పల్లె. మామగారి తాతల నాటి నుంచీ తాటిచెట్టే ఈ ఇంటికి అన్నం పెట్టింది. సంక్రాంతి అయ్యాక కల్లు కోసం గెలలు గీయడం మొదలైతే ఎండాకాలం పోయేదాకా పొద్దునా సాయంత్రం ఆయన చెట్టు మీదే ఉంటారు. మధ్యలో ముంజలు. ఆ తర్వాత ఏమీ ఉండదు. ఆశ్వయుజం, కార్తీకం వానల్లో పూర్తిగా ఖాళీ. పైగా తోపులు ఏటేటా తగ్గిపోతున్నాయి. కొన్ని రొయ్యల గుంటల కింద పోయాయి, రామాయపట్నం పోర్టు మాట వచ్చాక కొన్ని ప్లాట్లయ్యాయి. ఆయన చిన్నప్పుడు ఎక్కిన చెట్లలో సగం ఇప్పుడు లేవు.

ఇలాంటప్పుడు కూలీల్ని కుదిర్చే మేస్త్రి ఒకడు వచ్చి పొల్లాచ్చి మాట చెప్పాడు. చెట్టుకింత అని లెక్క, ఉండటానికి గది, చేతిలో ఇరవై వేలు అడ్వాన్సు, ఏడాది పొడుగునా పని. కొబ్బరి తాటిలా కాదు, నెలకొక గెల వేస్తుంది, నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి దింపుతూనే ఉండాలి. కాబట్టి ఖాళీ ఉండదన్నాడు. అది నిజమే. ఇక్కడ ఆరు నెలలు చేతులు కట్టుకుని కూర్చునే ఇంటికి అంతకన్నా ఏం కావాలి? పెద్దదాని చదువు, మామగారి మందులు, చిట్టీ బాకీ, అన్నీ ఆ లెక్కలో తీరిపోతాయనిపించింది. ముందు ఒకసారి చూసొద్దాం అన్నాను నేను. సరే, పిల్లాణ్ణి కూడా తీసుకొచ్చి గది చూసుకోండి అన్నాడు మేస్త్రి.

పెద్దదాన్ని మా అమ్మ చూసుకుంది. రైలు ఖర్చులు తమ్ముడు ఇచ్చాడు. మా బావగారు మామగారి దగ్గర పడుకున్నారు. వాళ్ళు మావాళ్ళు, వాళ్ళకి ఇక్కడ ప్రత్యేకంగా రాయక్కర్లేదు.

నెల్లూరులో రైలెక్కి కోయంబత్తూరులో దిగి, బస్సులో పొల్లాచ్చి చేరాం. దార్లోనే పిల్లాడికి ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. మేస్త్రి మనుషులు తోట పక్కన రేకుల గది ఒకటి చూపించి, తిండి ఎదురుగా ఉన్న మెస్సులో అని చెప్పి వెళ్ళిపోయారు. మాకు తమిళం రాదు. మెస్సులో కూర్చోగానే పిల్లాడు బల్ల మీదే, నా చీర మీదే వాంతి చేసుకున్నాడు. చుట్టూ అన్నం తింటున్న మనుషులు. నాకు ప్రాణం చచ్చిపోయింది. అప్పుడు ఆ మెస్సు నడిపే ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ‘ఏమాయె బిడ్డకి’ అని తెలుగులో అడిగింది.

ఆ వైపు తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయని తర్వాత తెలిసింది. చదవడం రాయడం రాదట, ఇంట్లో మాత్రం తెలుగే. ఆవిడ ఒక్క మాట విసుక్కోలేదు. పిల్లాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని, లోపల వేడినీళ్ళతో తుడిచి, తన కూతురి పాత చొక్కా తొడిగింది. నేను చీర మార్చుకుని వచ్చేసరికి వాడి గుడ్డలు, నా చీర పెరట్లో ఉతుకుతోంది. వద్దక్కా, నేను ఉతుక్కుంటానని పరుగెత్తాను. ‘నువ్వు కూచో, నీ మొహంలో నెత్తురు లేదు’ అంది. నన్ను కన్నతల్లి తప్ప ఇంకెవరూ అట్లా చూడలేదు. అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చేశాను.

మర్నాడు మా ఆయన తోటలోకి వెళ్ళారు. తన మోకు, కాళ్ళ బంధం వెంట తీసుకుపోయారు. తాటిమాను గరుకు, కాలు పట్టు దొరుకుతుంది. కొబ్బరిమాను నున్నన, వాన తడి తగిలితే పాచి పట్టి జారుతుంది. అక్కడ ఎక్కువగా బోండాలకే దింపుతారు. ముదురుకాయలాగా కోసి కింద పడేస్తే బోండాం పగిలిపోతుంది కదా, గెలకి తాడు కట్టి మెల్లగా దించాలి. అంటే చెట్టు మొవ్వలో ఎంతోసేపు ఒక చేత్తో పట్టుకుని నిలబడాలి. ఆయనకి అదంతా కష్టమనిపించలేదు, వచ్చేసినట్టే మాట్లాడారు. ఒక్క గాలి సంగతి మాత్రం రెండుసార్లు చెప్పారు. పాలక్కాడు కనుమలోంచి వచ్చే గాలి ఆషాఢంలో ఆ వైపంతా ఊపేస్తుంది. చెట్టు మీద ఉంటే మాను ఊగడం పొట్టలో తెలుస్తోందన్నారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్క మా ఇద్దర్నీ లోపలికి పిలిచింది. ‘కాగితం మీద సంతకం పెట్టితిరా?’ అని అడిగింది. సాయంత్రం పెట్టాలి అన్నాం. ‘అయితే మా ఇంటాయన్ని చూసి పెట్టండి’ అంది.

మెస్సు వెనక గదిలో మంచం మీద ఆయన. కొబ్బరిచెట్టు మీంచి పడ్డారట. నడుం కింద ఏమీ తెలియదు. మనిషి చక్కగా మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు. మా ఆయన్ని దగ్గరికి పిలిచి అరచేతులు చూపించమన్నారు. ఆ కాయలు తడిమి, ఎన్నేళ్ళ నుంచి ఎక్కుతున్నావని అడిగారు. చిన్నప్పటి నుంచీ అని చెప్తే, నేనూ అంతే అన్నారు. అంతలో అక్క ఫోనులో అలారం మోగింది. మాట మధ్యలోనే లేచి ఆయన్ని పక్కకి తిప్పడానికి చేతులు వేసింది. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుందట. రాత్రి కూడా అంతే, అలారం పెట్టుకుని లేస్తుంది. మా ఆయన రెండోవైపు పట్టుకున్నారు. నడుం దగ్గర కట్టు ఊడితే, అక్కడ ఇంకా మానని పుండు కనిపించింది. ఆవిడ కప్పెయ్యలేదు. నా వైపు చూసి, ‘చూడు, బాగా చూడు’ అంది.

తర్వాత తన కూతుర్ని పిలిచి, తమిళంలో ఉన్న మా కాగితం ఒక్కో ముక్కా చదివించి తెలుగులో చెప్పింది. అడ్వాన్సు ప్రతి నెలా కూలిలో కోసుకుంటారు. అది తీరకుండా వెళ్ళిపోకూడదు. వాన వల్లో గాలి వల్లో పని ఆగిన రోజులకి ఏమీ రాదు. పనిలో ఏం జరిగినా బాధ్యత ఎక్కినవాడిదే. బీమా అన్న మాటే లేదు. వాళ్ళాయన పడినప్పుడు కూడా తోట యజమాని మేస్త్రిని చూపించాడట, మేస్త్రి ‘వాడు రోజుకూలీ, నా మనిషి కాడు’ అన్నాడట.

ఇంకా చాలా చెప్పింది. ఆ వైపు తోటలకి వేరు తెగులు పట్టింది, దానికి మందు లేదు, ఆకులు వేలాడిపోయి కాపు తగ్గిపోతుంది. చాలామంది రైతులు చెట్లు కొట్టేయిస్తున్నారు. పదేళ్ళ తర్వాత ఎక్కడానికి ఎన్ని మిగులుతాయో అంది. నైరుతి వానలు, ఈశాన్య వానలు రెండూ తగులుతాయి, ఆషాఢం గాలి సరేసరి, మేస్త్రి చెప్పిన ‘ఏడాది పొడుగునా’ ఇదీ అంది. కొబ్బరి లేనప్పుడు తాటిచెట్లు గీసుకుంటానని మా ఆయన అంటే, తమిళనాడులో కల్లు 1987 నుంచి నిషేధమని చెప్పింది. ఆ సంగతి మాకు తెలియనే తెలియదు. మా ఇంటి వృత్తి అక్కడ కేసు పెట్టే నేరం.

ఒక్కసారి కూడా రావొద్దు అనలేదు. వస్తే ఏమేం అడిగి రావాలో చెప్పింది. చివర్లో అన్న మాట ఇదీ: ‘మీరొస్తే నాకు రోజుకి ఇంత బేరం. మేస్త్రి వింటే నా మెస్సుకి మనుషుల్ని పంపడు. అయినా నీ బిడ్డను నిన్న ఎత్తుకుంటిని, చెప్పకుండా ఎట్లా ఉండేది?’

ఆవిడ బతుకంతా ఆ మేస్త్రి పంపే కూలీల మీదే నడుస్తోంది. మంచంలో మనిషి, చదువుకునే పిల్ల. మేమెవరం ఆవిడకి? ముక్కూ మొహం తెలియని వాళ్ళం, ఒక పూట అన్నం తిన్న వాళ్ళం. ఇది రాస్తుంటే మళ్ళీ కన్నీళ్ళాగడం లేదు. సంతకం పెట్టకుండా బయల్దేరుతుంటే తిన్నదానికి డబ్బులు తీసుకోలేదు. పులిహోర, పెరుగన్నం కట్టి, మిరియాల కషాయం సీసాలో పోసి ఇచ్చింది. అక్కా, మీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను. మీకు చదవడం రాకపోయినా నా మనసు నిమ్మళం కోసం రాస్తున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా మామగారు తాటిచెట్టు మీంచి పడి తుంటి విరిగింది. 50 దాటిన గీత కార్మికులకి ఇచ్చే పింఛను 4,000 ఆయనకి వస్తోంది, అది లేదనను. కానీ ప్రమాదానికి సాయం అడిగితే, కల్లు గీస్తూ పడలేదు కదా, ముంజలు కోస్తూ పడ్డాడు కదా, అది కూలి పని అన్నారు. అదే చెట్టు, అదే మోకు, అదే మనిషి. దానికితోడు 2022లో మా మండలం ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. ఒకచోట అడిగితే మీది ఈ జిల్లా కాదన్నారు, ఇంకోచోట అడిగితే పాత కాగితాలు ఇక్కడ లేవన్నారు. ఫైలు ఎక్కడుందో ఈ రోజుకీ తెలియదు. ఎక్కమనడానికి అందరూ ఉంటారు, పడ్డాక ఎవరి మనిషీ కాడు. అక్కడా ఇక్కడా అదే కథ. మా ఆయనకి జరిగితే నేనూ అలారం పెట్టుకుని లేవాల్సిందే కదా అని రైల్లో రాత్రంతా నాకు అదే ఆలోచన.

ఇక ఇక్కడే ఉండి ఏం చేస్తారంటే, దానికీ ఒక దారి కనబడింది. మా సచివాలయంలో ఉద్యానశాఖ అమ్మాయి ఫోనులో చాలాసేపు ఓపిగ్గా చెప్పింది. కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్ళు మిషనుతో చెట్టెక్కడం నేర్పిస్తారట, 2011 నుంచీ ఉందట ఆ ట్రైనింగు. ఆడవాళ్ళు కూడా నేర్చుకున్నారట. రెండు ఇనప చట్రాలు, చెట్టు చుట్టూ తీగలు, ఒక్కో కాలూ మార్చి మార్చి ఎత్తుకుంటూ పైకి పోవడమే. కొబ్బరిచెట్లు ఎక్కే వాళ్ళ కోసం ఆ బోర్డుకే కేర సురక్ష అని ప్రమాద బీమా కూడా ఉంది. నెల్లూరులో, కావలిలో ఇళ్ళల్లో కొబ్బరిచెట్లున్న వాళ్ళు దింపే మనిషి దొరక్క కాయలు ఎప్పుడు నెత్తి మీద పడతాయో అని భయపడుతుంటారు. ఆ పని చేస్తానంటున్నారు మా ఆయన. సంక్రాంతి నుంచి తాటిచెట్లు ఎటూ ఉన్నాయి. అడ్వాన్సు అంత డబ్బు ఒక్కసారిగా రాదు, చిట్టీ బాకీ అట్లాగే ఉంది, అది నాకు తెలుసు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే సురక్షా బీమా కూడా రేపే కట్టిస్తాను. చెట్టెక్కే వాళ్ళున్న ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు ఒకసారి పాసుబుక్కు తీసి ఆ 20 రూపాయలు పోతున్నాయో లేదో చూసుకోండి.

మర్చిపోయాను, పొల్లాచ్చిలో రాత్రిపూట షట్టరు సగం దించాక కూడా పిల్లాడికి సిరప్పు ఇచ్చి, ఎంత పొయ్యాలో మూత మీద గీత గీసి చూపించిన మెడికల్ షాపు అబ్బాయికి, బస్టాండు దాకా తీసుకొచ్చి బిడ్డకి బాగాలేదని డబ్బులు వద్దన్న ఆటో ఆయనకి కూడా కృతజ్ఞతలు. మా ఊరి బళ్ళో సారు ఒకరు, కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దమ్మా అని బయల్దేరే ముందే చెప్పారు, ఆయనకీ.

అక్క కోసం గాలిపరుపు ఒకటి పంపాలనుకుంటున్నాం, ఒళ్ళు పుండ్లు పడకుండా ఉంటుందట. తేగల కాలం వచ్చాక ఒక కట్ట తేగలు కూడా. సింగరాయకొండ, కావలి నుంచి ఆ వైపు లారీలు తోలే వాళ్ళెవరైనా ఉంటే కింద ఒక మాట రాయండి, తెచ్చి లోడు దగ్గరే ఇస్తాం. అయ్యో, వచ్చేటప్పుడు జనరల్ బోగీలో తను నిలబడి పిల్లాణ్ణి పడుకోబెట్టనిచ్చిన కాట్పాడి పెద్దాయన! ఆయనకీ దండాలు.