‘ఉప్పు రాసి పిండేయండి’ అన్న నర్సరీకి ఒక ఫిర్యాదు

అక్టోబర్ 14

నర్సరీ యజమాని గారికి
(పెద్దాయనకా, పెద్దబ్బాయికా, చిన్నబ్బాయికా అన్నది మీలో మీరే తేల్చుకోండి. రెండు నెలలుగా అడుగుతున్నా నాకు తేలలేదు.)

విషయం: ‘నాటు సొర – సేంద్రియం’ విత్తనాల కవరు గురించి ఆగస్టు 18 నుంచి చెబుతున్నా పట్టించుకోకపోవడం.

అయ్యా,

సొరకాయ చేదుగా ఉంది. సరుకు గురించి చెప్పాల్సింది ఇంతే. 60 రూపాయల కవరు, పది గింజలు, తొమ్మిది మొలిచాయి. మొలక మీద పేచీ లేదు. నాలుగు మొక్కలు ఉంచాను; రెండు పాదుల కాయలు కమ్మగా ఉన్నాయి, రెండు పాదుల కాయలు నాలుక మీద పెట్టుకోలేనంత చేదు. నాటు విత్తనంలో ఒక్కోసారి తేడా వస్తుంది, దానికి ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడుకి రాస్తున్నాను.

ఆగస్టు 18 ఉదయం మీ వాట్సాప్ నంబరుకు కోసిన కాయ ఫోటో, కవరు వెనక పెన్నుతో రాసిన లాట్ నంబరు ఫోటో, కింద నాలుగు లైన్లలో విషయం పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. మర్నాడు మందారం బొమ్మతో ‘శుభోదయం’ వచ్చింది. సంతోషం. 21న ‘చవితికి 21 రకాల పత్రి సెట్టు, ముందుగా బుక్ చేసుకుంటే తగ్గింపు’ అని ఇంకొకటి. మాచీపత్రం నుంచి జిల్లేడు దాకా ఇరవై ఒక్క పేర్లూ అచ్చుతప్పు లేకుండా కొట్టిన వేళ్ళకి ‘చూస్తాం’ అనే ఒక్క మాట కొట్టడం బరువైంది.

23న ఫోన్ చేశాను. పెద్దబ్బాయి గారు ఎత్తారు. “మీ మిద్దె మీద కాకరపాదు ఉందా సార్?” అన్నారు. ఉందన్నాను. “అదే మరి. దాని గాలికే చేదు తిరిగింది” అని పెట్టేశారు. మొత్తం నలభై సెకన్లు.

నాటు విత్తనాలు అమ్మే ఇంట్లో ఈ మాట వినాల్సి వచ్చినందుకు సిగ్గేసింది. సొరది ఒక జాతి, కాకరది వేరే జాతి. ఈ రెంటికీ సంకరం కలవదు, తేనెటీగ ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగినా సరే. పోనీ, పక్కింట్లో చేదు సొరే ఉంది, దాని పుప్పొడే నా ఆడపువ్వు మీద పడిందనుకుందాం. అప్పుడు కూడా ఈ ఏటి కాయ చేదు కాదు. కాయ కండ తల్లిపాదు ఒంట్లోది. పుప్పొడి వల్ల మారేది లోపలి గింజ మాత్రమే. ఆ గింజ వేస్తే వచ్చే ఏడు తెలుస్తుంది. అంటే నా మిద్దె మీద కాసిన చేదుకి కారణం నా మిద్దె మీద లేదు, మీరు విత్తనం కట్టిన చోట ఉంది. కిందటి పంటలో అక్కడ కంచె మీదో, గట్టు మీదో అడవి సొర పాకి ఉండాలి, లేదా ఆ తల్లికాయే చేదుదై ఉండాలి. విత్తనానికి ఉంచే కాయని తొడిమ దగ్గర గోరంత గీరి రుచి చూసే అలవాటు మీ ఇంట్లో ఒకప్పుడు ఉండేది.

25న మళ్ళీ ఫోన్. ఈసారి ఒక అమ్మగారు మాట్లాడారు, కోడలుగారు కాబోలు. మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట ఒప్పుకోవాలి. “ఎండలకి నీళ్ళు చాలకపోతే చేదొస్తుందండీ” అన్నారు. కీరా దోసలో నీటి ఎద్దడికి చేదు పెరుగుతుంది, అది నిజం. కానీ నా నాలుగు పాదులూ 200 లీటర్ల నీలం డ్రమ్ముని మధ్యకి కోసిన రెండు సగాల్లో ఉన్నాయి, సగానికి రెండేసి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, అర పాలు కొబ్బరిపొట్టు, డ్రమ్ముకి అరకిలో వేపపిండి. పదిహేను రోజులకోసారి ఒకటికి పది నీళ్ళు కలిపిన జీవామృతం. ఏ కాయ ఏ తీగదో తెలియడానికి తీగ మొదట్లో ఎర్రదారం, తెల్లదారం కట్టాను. ఒకే డ్రమ్ములో, ఒకే మట్టిలో, ఒకే మగ్గు నీళ్ళు తాగి ఎర్రదారం తీగ మొదటి పిందె నుంచీ చేదు, తెల్లదారం తీగ వెన్న. రెండో డ్రమ్ములోనూ ఇదే తంతు. నీళ్ళు తీగని చూసి వివక్ష చేస్తాయా అమ్మా అని అడిగాను. “మా మరిదిగారు సీడ్స్ చూస్తారు, ఆయన నంబరిస్తాను” అన్నారు.

మరిదిగారి నంబరు నాలుగు రోజులు స్విచ్ఛాఫ్. ఐదో రోజు దొరికారు. అంతా ఓపిగ్గా విన్నారు. విని, “సార్, ముక్కలు కోసి ఉప్పు రాసి గట్టిగా పిండేయండి, చేదంతా పోతుంది” అన్నారు.

ఈ ఉత్తరం నిజానికి ఆ ఒక్క మాట వల్ల పుట్టింది. ఉప్పు రాసి పిండేది కాకరకాయని. కాకర చేదు తినే చేదు. సొర చేదు కుకుర్బిటసిన్లనే విషపదార్థాలది, అది ఉడికించినా పోదు. చేదు సొరరసం తాగినవాళ్ళకి వాంతులు, విరేచనాలు, కొందరికి రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం జరిగాయి. ప్రాణాలు పోయినవాళ్ళూ ఉన్నారు. దీనికి విరుగుడు మందు లేదు, ఆస్పత్రిలో చేసేదంతా సెలైను పెట్టి మనిషిని నిలబెట్టడమే. భారత వైద్య పరిశోధన మండలి దీని మీద నిపుణుల సంఘం వేసింది, ఆ నివేదిక 2012లో వాళ్ళ పత్రికలోనే అచ్చయింది. ముందు చిన్న ముక్క రుచి చూడాలి, చేదుంటే పారేయాలి, తాగాక ఒంట్లో తేడా చేస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి అని అందులో ఉంది. ఉప్పు రాయమని లేదు. మీ దగ్గర విత్తనాలు కొనేవాళ్ళలో సగం మంది షుగరుకి మంచిదని పొద్దున్నే పచ్చి సొరరసం తాగే వయసువాళ్ళు. ఆ సలహా ఇంకెందరికి ఇచ్చారో?

ఫోన్‌లో కాదనుకుని సెప్టెంబర్ 6న కాయ పట్టుకునే వచ్చాను. ఎర్రదారం తీగది, మూరెడు కాయ. కౌంటర్ దగ్గర పెద్దాయన పేపరు చదువుతున్నారు. కాయని నిలువునా కోసి, తూకం పక్కన పెట్టి, గోరంత ముక్క నాలుక కొసకి తాకించి ఉమ్మేసి చూడండి అన్నాను. ఆయన కళ్ళజోడు మీంచి కాయని చూశారు, నన్ను చూశారు. “పెద్దోడొస్తాడు, కూర్చోండి.” పెద్దోడొచ్చి “బిల్లుందా?” అన్నారు. జూన్ బిల్లు చూపించాను. థర్మల్ కాగితం, అక్షరాలు సగం ఎగిరిపోయాయి, కింద కొట్టిన ‘విత్తనాలకు రిటర్న్ లేదు’ రబ్బరుస్టాంపు మాత్రం ఊదారంగులో నవనవలాడుతోంది. “చిన్నోడొస్తాడు, కూర్చోండి.” గంటన్నర కూర్చున్నాను. కోసిన కాయ అంచులు గోధుమరంగుకి తిరిగాయి, ఈగలు చేరాయి. ఒక కుర్రాడు వచ్చి దాన్ని చెత్తబుట్టలో వేయబోతే ఆపాను. మీరంతా నిమ్మకు నీరెత్తినట్టు ఎవరి పనుల్లో వాళ్ళున్నారు.

ఆ గంటన్నరలో ఒకావిడ వచ్చి అదే సొర కవరు తీసుకున్నారు. వెనక్కి తిప్పి చూస్తే అదే లాట్ నంబరు. “అమ్మా, ఇందులో సగం చేదు కాస్తోంది, రుచి చూడకుండా వండకండి” అన్నాను. అప్పుడు మాత్రం చిన్నబ్బాయి గారు ఎక్కడినుంచో క్షణంలో ప్రత్యక్షమయ్యారు! “ఆయన మాటలు పట్టించుకోకండి మేడమ్, ఆయనకి పెంచడం రాలేదు” అన్నారు. ఆవిడ కొనుక్కుని వెళ్ళిపోయారు.

పెంచడం రాలేదంటే ఒప్పుకుంటాను. ఈ గింజలు ఎక్కడివి అని అడిగితే మాత్రం చిన్నబ్బాయి గారు “కర్ణాటక రైతు దగ్గర తెప్పించాం” అన్నారు. కవరు మీద మీరు అచ్చేసుకున్నది ‘మా తోటలోనే పండించినవి’ అని. ఆ రైతు సొరకి చుట్టూ ఎంత దూరం పాటించాడో అడిగారా? ధ్రువీకరించిన సొర విత్తనానికి ఇంకో సొర మడి నుంచి కనీసం 500 మీటర్లు, దానికి మూలమైన ఫౌండేషన్ విత్తనానికి 1000 మీటర్లు ఎడం ఉండాలి. అంత పొలం లేకపోతే ఇంకో దారి ఉంది, ఖర్చు రెండు రూపాయల దారం. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ రోజు విచ్చబోయే ఆడమొగ్గనీ మగమొగ్గనీ ముందే కొసలు దారంతో కట్టేయాలి. పొద్దుగూకాక విప్పి, మగపువ్వు రేకులు తుంచి, పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రం మీద అద్ది, మళ్ళీ ఆడపువ్వుని కట్టి, కాడకి గుర్తు వేయాలి. ఆ కాయని తీగ మీదే ఎండనిచ్చి, ఊపితే గింజ గలగలమన్నాక కోయాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, మీ నర్సరీలోనే, మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నదే.

పదకొండేళ్ళుగా మీ దగ్గర కొంటున్నాను. అప్పుడు మీది రోడ్డు పక్కన నాలుగు రేకుల షెడ్డు. అమ్మగారు గింజలు బూడిదలో కలిపి, న్యూస్‌పేపరు పొట్లం కట్టి, ఏ ఊరి రకమో, ఏ నెలలో తీసిందో పొట్లం మీద రాసిచ్చేవారు. మొలవలేదంటే బిల్లు అడగలేదు ఎప్పుడూ, ఇంకో పొట్లం చేతిలో పెట్టేవారు. ఇప్పుడు రంగుల జిప్‌కవరు వచ్చింది, బార్‌కోడ్ వచ్చింది, రకం పుట్టిన ఊరు మాయమైంది. మా వీధిలో కనీసం పది మిద్దెలకి మీ అడ్రసు చెప్పింది నేను. వేపపిండి పక్కవీధి షాపులో బస్తాకి వంద తక్కువ ఉన్నా మీ దగ్గరే తీసుకున్నాను. దానికి నాకు దక్కిన బిరుదు ‘పెంచడం రాదు’.

ఇక సెప్టెంబర్ 15న మీరు పంపిన ‘రీప్లేస్‌మెంట్’ సంగతి. సొర స్టాక్ లేదని బెండ కవరు పంపారు (స్టాక్ లేని సొర ఆ సాయంత్రం కూడా మీ స్టేటస్‌లో అమ్మకానికి ఉంది). దీని మీదా ‘నాటు – సేంద్రియం’ స్టిక్కరే. నానబెట్టాను. తెల్లారేసరికి గ్లాసులో నీళ్ళు రోజ్‌మిల్క్ రంగుకి తిరిగాయి, వేళ్ళకి గులాబీ పొడి అంటుకుంది. అది థైరమ్ లాంటి శిలీంద్రనాశిని పట్టించిన గింజ. బజారులో హైబ్రిడ్ బెండ డబ్బాల్లో దొరికే రకం. ముల్లు పోయి కత్తి వచ్చింది. మందు పట్టించిన గింజ కవరు మీద ఆ సంగతి, ఏ మందో, తినడానికీ దాణాకీ నూనెకీ వాడకూడదనీ రాయాలని 1968 విత్తన నియమాల్లోనే ఉంది. అసలు డబ్బా మీద ఆ హెచ్చరిక ఉండే ఉంటుంది. చిన్న కవర్లలోకి విడగొట్టినప్పుడు గింజలు వచ్చాయి, హెచ్చరిక డబ్బాతోనే ఉండిపోయింది. దాని మీద ‘సేంద్రియం’ స్టిక్కరు వేసిన చేయి ఎవరిది? పెద్దోడు చిన్నోడిని చూపిస్తారు, చిన్నోడు కుర్రాణ్ణి చూపిస్తారు, కుర్రాడు సెలవులో ఉంటాడు. తెలుసు.

సెప్టెంబర్ 28న మీ మిద్దెతోట గ్రూపులో, తిట్టకుండా, పేరు పెట్టి ఎవర్నీ అనకుండా, లాట్ నంబరు రాసి “ఈ కవరు వేసినవాళ్ళు కాయ తొడిమ దగ్గర రుచి చూడండి, చేదుంటే పాదు పీకేయండి” అని పెట్టాను. పది నిమిషాల్లో మెసేజ్ తీసేశారు. పావుగంటలో నన్ను తీసేశారు. సాయంత్రానికి నంబరు బ్లాక్. రెండు నెలల్లో మీ నర్సరీ నుంచి నాకు అందిన ఏకైక సత్వర సేవ ఇదే.

60 రూపాయలు నాకు అక్కర్లేదు, ఇస్తే చవితి పత్రికి వాడుకోండి. ఆ లాట్‌లో మిగిలిన కవర్లు అరలోంచి తీయండి. బిల్లు మీద ఫోన్ నంబర్లు రాయించుకుంటారు కదా, ఆఫర్లకి పనికొచ్చిన నంబర్లు దీనికీ పనికొస్తాయి, కొన్న ప్రతి ఒక్కరికీ చెప్పండి. నన్ను తీసేసిన గ్రూపులోనే చెప్పండి. గులాబీ గింజల మీంచి ‘సేంద్రియం’ స్టిక్కరు పీకండి. ఉప్పు సలహా ఇచ్చినాయన తన నోటితోనే దాన్ని వెనక్కి తీసుకోవాలి, ఇది నా పంతం అనుకోండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఇవి జరగకపోతే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, తర్వాత జిల్లా కమిషన్‌కి వెళతాను. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ రుసుము కూడా లేదు. విత్తనాల గొడవ వినియోగదారుల ఫోరమ్‌లో నడవదని మీ లాయరు చెప్తే, నడుస్తుందని 2012లో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో ఇచ్చిన తీర్పు చూడమనండి. అందులో ఫిర్యాదు చేసిన రైతులు మన తెలుగువాళ్ళే. విత్తన తనిఖీ అధికారికి ఇవ్వడానికి విప్పని సొర కవరు ఒకటి, గులాబీ బెండ సగం కవరు విడిగా ఉంచాను. ఎర్రదారం తీగకి రెండు కాయలు కోయకుండా వదిలేశాను. అవి అక్కడే ఎండుతున్నాయి, సంక్రాంతికి గలగలమంటాయి.

ఇట్లు,
పదకొండేళ్ళ మీ ఖాతాదారు

తా.క.: స్పీడ్ పోస్టులో పంపుతున్నాను, అందినట్టు సంతకం ఎవరిదో ఒకరిది నా దగ్గరుంటుంది. జవాబు వాట్సాప్‌లో ఇద్దామనుకుంటే ముందు నన్ను అన్‌బ్లాక్ చేయాలి. అది ఎవరు చూస్తారో, పెద్దోడో చిన్నోడో, మీరే చూసుకోండి.